బస్సు మానేశాక ఏం ఎక్కాలి? మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ: రవాణా కోణంలో ఒక కేస్ స్టడీ

అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో 1955 డిసెంబరు 5 నుంచి 1956 డిసెంబరు 20 వరకు, మొత్తం 381 రోజులు, నల్లజాతి ప్రజలు సిటీ బస్సు ఎక్కలేదు. రోజా పార్క్స్ సీటు వదలకపోవడం, మార్టిన్ లూథర్ కింగ్ నాయకుడిగా ఎదగడం అందరికీ తెలిసిన కథే. ఉద్యమాలు నిర్మించేవాళ్లకు పనికొచ్చేది ఆ కథలో సాధారణంగా ఒక్క వాక్యంతో దాటేసే భాగం. బస్సు తప్ప దిక్కులేని వేలమంది ఏడాదికి పైగా రోజూ పనికి వెళ్లి ఇంటికి ఎలా వచ్చారన్నదే ఆ భాగం. ప్రభుత్వం దెబ్బలన్నీ చివరికి తిరిగి తిరిగి ఆ రవాణా మీదే పడ్డాయి. అందుకే ఈ కేసును రవాణా వైపు నుంచి చూద్దాం.

బస్సులో అమరిక

బస్సులు నడిపేది మాంట్‌గోమరీ సిటీ లైన్స్. దాని యజమాని చికాగోలోని నేషనల్ సిటీ లైన్స్ అనే పెద్ద కంపెనీ. ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతుల మంది నల్లవారు. బస్సులో 36 సీట్లు ఉంటే ముందు 10 తెల్లవారివి. ఆ సీట్లు ఖాళీగా ఉన్నా నల్లవారు నిలబడాల్సిందే. వెనక 10 సీట్లు నల్లవారికని వాడుక. మధ్యలోని 16 సీట్లు డ్రైవర్ ఇష్టం. సీట్ల విషయంలో డ్రైవర్‌కు పోలీసు అధికారాలు ఇస్తూ నగర చట్టంలోనే రాసి పెట్టారు. చాలామంది డ్రైవర్లు ముందు తలుపు దగ్గర డబ్బులు తీసుకుని, దిగి వెళ్లి వెనక తలుపు నుంచి ఎక్కమనేవారు. ఆ మనిషి వెనక్కి నడిచి వెళ్లేలోపే బస్సు కదిలిపోవడం మామూలే.

మెలికంతా మధ్య వరసల్లో ఉంది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే వరసలో కూర్చోకూడదు, మధ్యలో నడిచే దారి ఉన్నా సరే. ఒక్క తెల్లవాడు నిలబడి ఉంటే అతని ఒక్కడి కోసం వరసలోని నలుగురు నల్లవారూ లేవాలి. 1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సులో జరిగింది ఇదే. డ్రైవర్ జేమ్స్ బ్లేక్ లేవమంటే ముగ్గురు లేచారు, పార్క్స్ లేవలేదు. ఆమె కూర్చున్నది తెల్లవారి సీట్లో కాదు. వాటికి సరిగ్గా వెనక వరసలో. అలసిపోయి కూర్చుండిపోయిన కుట్టుపని మనిషి అనే వర్ణన ఆమెకు అన్యాయం చేస్తుంది. ఆమె ఎన్‌.ఏ.ఏ.సి.పి. అనే నల్లవారి హక్కుల సంస్థకు స్థానిక శాఖ కార్యదర్శి. ఆ ఏడాది వేసవిలోనే టెన్నెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్‌లో శిక్షణ పొంది వచ్చారు.

ముందే ఉన్న ఏర్పాటు

ఒక్క అరెస్టుతో ఊరు ఊరంతా కదిలిందనుకుంటే ఈ కేసులో నేర్చుకోవాల్సింది జారిపోతుంది. 1946లో మేరీ ఫెయిర్ బర్క్స్ స్థాపించిన విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అప్పటికే ఊళ్లో బలంగా ఉంది. అధ్యక్షురాలు జో ఆన్ రాబిన్సన్ అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకురాలు. 1954 మే 21న, అంటే పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందే, పరిస్థితి మారకపోతే పాతికకు పైగా సంఘాలు బస్సుల బహిష్కరణ గురించి ఆలోచిస్తున్నాయని ఆమె మేయర్ గేల్‌కు ఉత్తరం రాశారు. 1955 మార్చి 2న పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్, అక్టోబరు 21న పద్దెనిమిదేళ్ల మేరీ లూయిస్ స్మిత్ ఇదే కారణంతో అరెస్టయ్యారు. రెండుసార్లూ నాయకులు ఆలోచించి ఆగారు. ఏ కేసు మీద ఊరంతా నిలబడుతుంది, కోర్టులో ఎదురుపక్షం ఏ మనిషిని చీల్చి చెండాడలేదు అన్నది లెక్క. ఆ పిల్లల పట్ల ఇది కఠినమే. క్లాడెట్ కాల్విన్‌ను చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు కూడా. అయితే అదే కాల్విన్, అదే స్మిత్ తర్వాత ఫెడరల్ కోర్టులో కేసు గెలిపించారు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

డిసెంబరు 1 రాత్రి రాబిన్సన్, ఇద్దరు విద్యార్థులు, ఒక సహోద్యోగి కలిసి కాలేజీ సైక్లోస్టైల్ మెషిన్ మీద కరపత్రాలు తీశారు. ఒక కాగితం మీద ఒకే విషయాన్ని మూడుసార్లు కొట్టి, తీశాక మూడు ముక్కలుగా కోశారు. కాగితం, సమయం మూడో వంతుకు తగ్గాయి. తెల్లవారుజామున నాలుగింటికల్లా పదుల వేల కరపత్రాలు కట్టలు కట్టి సిద్ధం. శుక్రవారం ఉదయం తన క్లాసు ముగించుకుని రాబిన్సన్ వాటిని స్కూళ్లు, దుకాణాలు, మంగలి షాపులు, బ్యూటీ పార్లర్లకు చేర్చారు. అందించాల్సినవాళ్లు ముందే ఫోన్లు అందుకుని ఎదురుచూస్తున్నారు. పంచేవాళ్ల జాబితా అరెస్టు తర్వాత తయారు చేసుకున్నది కాదు. అందుకే పని ఒక్క రోజులో పూర్తయింది.

కరపత్రం కోరింది ఒక్క సోమవారం మాత్రమే. ఆ పరిమితి తెలివైనది. ఒక్క రోజు బస్సు మానెయ్యమంటే ఎవరైనా సరేననగలరు. అది ఎలా జరిగిందో చూసుకుని మిగతాది నిర్ణయించుకోవచ్చు.

ఎదురుపక్షం కూడా తెలియకుండానే సాయం చేసింది. స్థానిక నల్లజాతి నాయకుడు ఇ.డి. నిక్సన్ అందించిన కబురుతో మాంట్‌గోమరీ అడ్వర్టైజర్ విలేకరి జో అజ్బెల్ ఆదివారం మొదటి పేజీలో వార్త రాశాడు. కరపత్రం అందనివాళ్లకు పత్రిక అందింది. పోలీసు కమిషనర్ క్లైడ్ సెల్లర్స్ బస్సు ఎక్కేవాళ్లకు రక్షణ అంటూ సోమవారం బస్సుల వెంట మోటార్‌సైకిల్ పోలీసులను పంపాడు. బస్సు వెనక పోలీసులను చూసి, ఎక్కుదామా వద్దా అని ఊగుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. ఆ రోజు నల్లవారిలో నూటికి 90 మందికి పైగా బస్సు ఎక్కలేదు. పార్క్స్‌కు కోర్టు 10 డాలర్ల జరిమానా, 4 డాలర్ల ఖర్చులు వేసింది. మధ్యాహ్నం మాంట్‌గోమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ (ఇక్కడి నుంచి ‘సంఘం’ అందాం) పుట్టింది. 26 ఏళ్ల కింగ్ అధ్యక్షుడయ్యారు. రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో కిక్కిరిసిన సభ బహిష్కరణను కొనసాగించమంది.

అడిగినవి మూడే. మర్యాదగా చూడటం. నల్లవారు వెనక నుంచి ముందుకు, తెల్లవారు ముందు నుంచి వెనక్కి, ఎవరు ముందొస్తే వాళ్లకు సీటు. నల్లవారి పేటల రూట్లలో నల్లజాతి డ్రైవర్లు. వర్ణ విభజన ఎత్తెయ్యాలని అడగనే లేదు. ఇదే కంపెనీ అలబామాలోనే మొబైల్ నగరంలో రెండో కోరికలోని పద్ధతినే నడుపుతోంది. ఇంత చిన్న కోరికను కూడా డిసెంబరు 8 చర్చల్లో కంపెనీ లాయర్ జాక్ క్రెన్షా కొట్టిపారేశాడు. సంఘం పెద్ద కోరిక వైపు వెళ్లడానికి కారణం ఆ మొండితనమే.

టాక్సీ నుంచి కార్‌పూల్‌కి

మొదటి రోజుల ఏర్పాటు టాక్సీలు. నల్లవారి యాజమాన్యంలో 18 టాక్సీ కంపెనీలు, సుమారు 210 కార్లు ఉన్నాయి. మనిషికి బస్సు ఛార్జీ 10 సెంట్లే తీసుకుని నలుగురైదుగురిని ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నారు, అచ్చం మన షేర్ ఆటోలా. ఐదుగురు ఎక్కితే 50 సెంట్లు వస్తాయి, డ్రైవర్‌కు గిట్టుబాటే. డిసెంబరు 8 చర్చల్లోనే సెల్లర్స్ ఒక మాట విసిరాడు: టాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లని నగర చట్టంలో ఉంది. మర్నాడే అమలు మొదలు. ఆ ఒక్క నిబంధనతో టాక్సీ ఏర్పాటు కుప్పకూలింది.

ఆ మాట విన్న సాయంత్రమే కింగ్ లూసియానాలోని బాటన్ రూజ్‌కు ఫోన్ చేశారు. అక్కడ 1953 జూన్‌లో టి.జె. జెమిసన్ నాయకత్వంలో దాదాపు ఎనిమిది రోజుల బస్సు బహిష్కరణ జరిగింది. సొంత కార్లతో జనాన్ని ఉచితంగా చేరవేశారు. అందులో మాంట్‌గోమరీకి పనికొచ్చిన ముఖ్యమైన విషయం ‘ఉచితంగా’ అన్న మాటలో ఉంది. డబ్బు తీసుకుంటే అది లైసెన్సు లేని టాక్సీ. తీసుకోకపోతే ఒకరి కారులో మరొకరు వెళ్లడం, అంతే. కాబట్టి ప్రయాణికుడు డ్రైవర్ చేతిలో నాణెం పెట్టకూడదు. ఇవ్వదలిస్తే చర్చిలోనో సభలోనో చందాగా ఇవ్వాలి. 1956 మార్చిలో, బహిష్కరణ నడిపారన్న నేరం మీద కింగ్‌ను విచారించినప్పుడు ప్రభుత్వ న్యాయవాదులు తవ్వింది ఇక్కడే: డ్రైవర్లకు డబ్బు ఎవరిచ్చారు, చెక్కుల మీద సంతకం ఎవరిది అని.

ఫోన్ చేసిన రాత్రే సభలో కార్లు అడిగితే 150కి పైగా వచ్చాయి. కాగితాలు పంచి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏ గంటల్లో నడపగలరో రాయించుకున్నారు. కొందరు రోజంతా ఇస్తామన్నారు. ఉద్యోగాలున్నవాళ్లు పనికి ముందొక గంట, తర్వాతొక గంట. తర్వాత కార్ల సంఖ్య 300 దాకా పెరిగింది. రవాణా కమిటీ అధ్యక్షుడు రూఫస్ లూయిస్ ఓటరు నమోదు కోసం ఏళ్ల తరబడి గడప గడపకూ తిరిగిన మనిషి. ఎవరికి కారుందో, ఎవరు మాట మీద నిలబడతారో ఆయనకు తెలుసు.

డిసెంబరు 13 మంగళవారానికి వ్యవస్థ తయారు. ఉదయం జనాన్ని ఎక్కించుకునే కేంద్రాలు 48, సాయంత్రం తిరిగి ఎక్కించుకునే పికప్ పాయింట్లు 42. ఉదయం కేంద్రాలు ఎంచుకోవడం తేలిక. నల్లవారి పేటల్లోని చర్చిలు చాలు. చలిలో జనం లోపల కూర్చోవచ్చు, ఆరింటికల్లా తలుపు తీసే మనిషి ఉంటాడు, పదింటి దాకా కార్లు వస్తుంటాయి. సాయంత్రం పాయింట్లే తలనొప్పి. బస్సు ప్రయాణికుల్లో చాలామంది తెల్లవారి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వాళ్లు పని దిగేది ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న తెల్లవారి పేటల్లో. అక్కడ చర్చి లేదు, నీడ లేదు, వీధి మూలన పదిమంది నల్లవారు నిలబడితే పోలీసు వచ్చి ఆరా తీస్తాడు. ఈ పాయింట్లు గుర్తించడానికి నల్లజాతి తపాలా ఉద్యోగులు సాయపడ్డారు. ఊరి మ్యాపు ముందేసుకుని ఏ వీధి ఎక్కడ కలుస్తుందో, కారు ఎక్కడ ఆపితే నలుగురికి దగ్గరో వాళ్లే చెప్పారు. ప్రతి గడపా తొక్కేది వాళ్లే మరి. సాయంత్రం వేళలు ఒంటిగంట నుంచి ఎనిమిది దాకా పెట్టారు, ఎందుకంటే ఇంటిపని మనుషులు అందరూ ఒకే గంటకు దిగరు. ఊరి నడిమధ్య నల్లవారిదైన ఒక పార్కింగ్ స్థలం కార్లు మారే చోటుగా ఉపయోగపడింది.

ఇప్పుడు సామర్థ్యం లెక్క చూడండి. బస్సుల మీద ఆధారపడి రోజుకు రెండుసార్లు ప్రయాణించేవాళ్లు 17,500 మంది అని సంఘం అప్పటి అంచనా. 300 కార్లూ ఒకేసారి రోడ్డు మీద ఉన్నాయనుకుందాం, ఒక్కో దానిలో ఐదుగురు. ఒక విడతకు 1,500 మంది. ఉదయం 17,500 మందిని చేర్చాలంటే ప్రతి కారూ పన్నెండు విడతలు తిరగాలి. నాలుగు గంటల్లో పన్నెండు విడతలంటే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, ఖాళీగా వెనక్కి రావడంతో సహా. కాగితం మీద సరిగ్గా సరిపోతుంది, రోడ్డు మీద సరిపోదు. సగం కార్లు గంటసేపే ఉంటాయి, కొన్ని చెడిపోతాయి, కొన్నిటిని పోలీసు ఆపుతాడు. లోటును కాళ్లు పూడ్చాయి. దగ్గర దూరాలవాళ్లు నడిచారు, కారు వచ్చినా ఎక్కకుండా నడిచినవాళ్లూ ఉన్నారు. కార్‌పూల్ వల్ల జరిగింది ఏమిటంటే, దూరం వెళ్లాల్సినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఉద్యోగం పోగొట్టుకోకుండా నిలబడ్డారు.

ఎవరూ ప్రణాళికలో వేసుకోని సాయం ఇంకొకటి తెల్ల గృహిణుల నుంచి వచ్చింది. పనిమనిషి రాకపోతే ఇల్లు గడవదు కాబట్టి చాలామంది తామే కారులో వెళ్లి తెచ్చుకున్నారు, దింపారు. ఇది బహిష్కరణకు సాయం చేయడమేనని, మానుకోవాలని మేయర్ బహిరంగంగా విజ్ఞప్తి చేశాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఊళ్లో కొద్దిమంది తెల్లవారు సూత్రం కోసం కూడా నిలబడ్డారు. లైబ్రేరియన్ జూలియెట్ మోర్గన్ డిసెంబరు 12న అడ్వర్టైజర్‌లో అచ్చయిన ఉత్తరంలో ఈ ఉద్యమాన్ని గాంధీ ఉప్పు సత్యాగ్రహంతో పోల్చారు. ఆ ఉత్తరానికి ఆమె వేధింపులు పడ్డారు. నల్లవారి లూథరన్ చర్చికి పాస్టర్‌గా ఉన్న తెల్లజాతీయుడు రాబర్ట్ గ్రేట్జ్ స్వయంగా కార్‌పూల్‌లో కారు నడిపారు. ఆయన ఇంటి మీద బాంబు పడింది.

సొంత కార్లతో ఏడాది నడపడం కష్టం. టైర్లు అరుగుతాయి, క్లచ్ పోతుంది, కారు యజమాని ఎంత మంచివాడైనా నాలుగు నెలలకు విసుగొస్తుంది. చందాలు పెరిగాక సంఘం పదిహేనుకు పైగా కొత్త స్టేషన్ వ్యాగన్లు కొనిపించింది. ఒక్కోటి ఒక్కో చర్చి పేరు మీద రిజిస్టర్ చేయించి, బండి మీద ఆ చర్చి పేరు రాయించారు. జనం వాటిని ‘చక్రాల చర్చిలు’ అన్నారు. ఇందులో భక్తి కంటే ముందుచూపు ఎక్కువ. అన్నీ సంఘం పేరు మీదే ఉంటే ఒక్క కోర్టు ఉత్తర్వుతో అన్నీ సీజ్ చేయొచ్చు. పదిహేను చర్చిల ఆస్తి అయితే పదిహేను గొడవలు పెట్టుకోవాలి. పూర్తికాలం డ్రైవర్లకు జీతాలు మొదలయ్యాయి. దాంతో ఇది సేవ స్థాయి దాటి సంస్థ అయిపోయింది. జీతం, పెట్రోలు, మరమ్మతు అన్నిటికీ పద్దు కావాలి. 1956 నడిమికి రవాణా బాధ్యత అలబామా స్టేట్ కాలేజీ అధ్యాపకుడు బి.జె. సిమ్స్ చేతికి వెళ్లింది.

డబ్బు

ముందు చర్చి చందాలు, తర్వాత దేశం నలుమూలల నుంచి చెక్కులు. స్థానిక నిధుల్లో బాగా గమనించాల్సింది జార్జియా గిల్మోర్ పని. వంటమనిషి. కింగ్ విచారణలో బస్సు డ్రైవర్ తనతో ఎలా ప్రవర్తించాడో సాక్ష్యం చెప్పారు. పనిచేసే హోటల్‌లో ఉద్యోగం పోయింది. ఇంట్లోనే వంట మొదలెట్టారు. ఆమె నడిపిన బృందం వేయించిన చికెన్, శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు అమ్మి ఆ డబ్బు సభలో తెచ్చి పోసేది. బృందం పేరు ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’. డబ్బు ఎక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదని చెప్పొచ్చు. కొన్నవాళ్లలో తెల్లవారూ ఉన్నారు, వాళ్ల పేర్లు బయటపడవు. దీన్ని చూసి ఊరి ఇంకో వైపున మరో బృందం పోటీకి దిగింది. సోమవారం సభలో ఎవరు ఎక్కువ తెచ్చారని చదివి వినిపించేవారు.

పద్దు బలహీనతే జూన్‌లో దాదాపు కొంప ముంచింది. సంఘం తొలి కార్యదర్శి యు.జె. ఫీల్డ్స్ జూన్ 11న నిధులు దుర్వినియోగం అవుతున్నాయని బహిరంగంగా ఆరోపించారు. వారం తిరక్కుండా, 18న, సభలో నిలబడి క్షమాపణ చెప్పి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆరోపణ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, అప్పటికే వేల డాలర్లు చేతులు మారుతున్న చోట వారం వారం లెక్క చదివి ఉంటే ఆ మాటకు చోటే ఉండేది కాదు.

దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయి

మొదటిది పుకారు. జనవరి 21, శనివారం రాత్రి కార్ల్ రోవన్ అనే నల్లజాతి విలేకరి మినియాపోలిస్ నుంచి కింగ్‌కు ఫోన్ చేశారు: ఒప్పందం కుదిరిందట, రేపటి పత్రికలో వస్తోంది, నిజమేనా? సంఘంతో సంబంధం లేని ముగ్గురు పాస్టర్లను పిలిపించి నగర పాలకులు ఒప్పందం కుదిరిందని ప్రకటించేశారు. చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. నాయకులు శనివారం రాత్రి జనం ఎక్కడుంటారో అక్కడికే వెళ్లారు: నైట్ క్లబ్బులు, బార్లు. పాస్టర్లకు ఫోన్లు చేసి ఆదివారం ప్రార్థనలో అబద్ధమని చెప్పించారు. సోమవారం బస్సులు ఖాళీగానే తిరిగాయి. సోమ, గురువారాల్లో చర్చి మార్చి చర్చిలో సభ పెట్టడం ఇందుకు పనికొచ్చింది. ‘సభలో చెప్పేదాకా ఏదీ నమ్మొద్దు’ అన్నది జనానికి అలవాటైపోయింది. రూట్లు మారినా, పాయింటు జరిగినా తెలిసేది కూడా అక్కడే.

ఈ ఎత్తు పారకపోయేసరికి మేయర్ కఠినంగా ఉంటామని ప్రకటించాడు. నగర కమిషనర్లు ముగ్గురూ వర్ణ విభజనను సమర్థించే వైట్ సిటిజన్స్ కౌన్సిల్‌లో చేరిపోయారు. పోలీసులు పికప్ పాయింట్ల దగ్గర కాపు కాసి చలాన్లు రాశారు. జనవరి 26న కింగ్‌ను గంటకు 25 మైళ్ల చోట 30 మైళ్ల వేగంతో వెళ్లారని జైలుకు తీసుకెళ్లారు. జో ఆన్ రాబిన్సన్‌కైతే చలాన్ల మీద చలాన్లు. చలానాతో పోయేది జరిమానా డబ్బే అనుకోకూడదు. లైసెన్సు పోతుంది, ఇన్సూరెన్స్ పెరుగుతుంది, డ్రైవర్లు వెనకాడతారు. దీనికి విరుగుడు ఒక్కటే: ప్రతి మలుపులో చెయ్యి చూపించడం, ప్రతి స్టాప్ గుర్తు దగ్గర పూర్తిగా ఆగడం. దాంతో విడతకు పట్టే సమయం ఇంకా పెరుగుతుంది. పైన వేసిన ఇరవై నిమిషాల లెక్కలో అదీ కలుపుకోవాలి.

ఆఫీసుకు చోటు కూడా సమస్యే. రూఫస్ లూయిస్ క్లబ్బులో మొదలుపెడితే లైసెన్సు రద్దు చేస్తామన్నారు. అక్కడి నుంచి చోట్లు మారి, చివరికి తాపీమేస్త్రీల యూనియన్ భవనంలో కుదురుకున్నారు. తెల్లవారి ఒత్తిడి పనిచేయని కప్పు కావాలంటే అది నల్లవారి సొంతదై ఉండాలి.

జనవరి 30న కింగ్ ఇంటి మీద, ఫిబ్రవరి 1న నిక్సన్ ఇంటి ఆవరణలో బాంబులు పేలాయి. ఫిబ్రవరి 21న గ్రాండ్ జ్యూరీ 1921 నాటి బహిష్కరణ వ్యతిరేక చట్టం కింద 89 మంది మీద అభియోగాలు మోపింది. అహింసా ఉద్యమకారుడు బేయర్డ్ రస్టిన్ సలహాతో నాయకులు పోలీసులు వచ్చేదాకా ఆగలేదు. నిక్సన్ ముందు నడిచి వెళ్లి లొంగిపోయారు, తర్వాత వరస కట్టారు. అరెస్టు భయం పోయింది, జాబితాలో పేరు లేనివాళ్లు చిన్నబుచ్చుకునే దాకా వచ్చింది. ప్రభుత్వం కోణంలో ఇది మహా తప్పిదం. అప్పటిదాకా ప్రాంతీయ వార్తగా ఉన్నది దేశమంతా మొదటి పేజీ వార్త అయింది, సంఘానికి చెక్కులు వెల్లువెత్తాయి. కింగ్‌కు మార్చి 22న 500 డాలర్ల జరిమానా, 500 ఖర్చులు, కట్టకపోతే 386 రోజుల జైలు అని తీర్పు వచ్చింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన దెబ్బ చప్పుడు లేనిది: ఇన్సూరెన్స్. స్టేషన్ వ్యాగన్ల పాలసీలు 1956లో నాలుగు నెలల్లో నాలుగుసార్లు రద్దయ్యాయి. పాలసీ లేని బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారం చర్చి ఆస్తి మీద పడుతుంది. ఆ భయంతో బళ్లు ఆగిపోయాయి. అమెరికాలో ఎవరూ తీసుకోకపోతే అట్లాంటాలోని నల్లజాతి ఇన్సూరెన్స్ ఏజెంట్ టి.ఎం. అలెగ్జాండర్ లండన్‌లోని లాయిడ్స్ ద్వారా పాలసీ ఇప్పించారు. బండ్లు మళ్లీ కదిలాయి. ఒకటికి రెండు పాలసీ దారులు ముందే చూసుకోవాల్సింది. ఈ కేసులో అత్యంత సన్నటి దారం ఇదే అని మా అభిప్రాయం.

కోర్టు దారి వేరు

పార్క్స్ అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో ఏళ్లు నానుతుందని లాయర్ ఫ్రెడ్ గ్రేకు తెలుసు. పైగా అది ఒక మనిషి శిక్ష గురించిన కేసు, విభజన చట్టాన్ని తాకకుండానే తేల్చెయ్యొచ్చు. అందుకే 1956 ఫిబ్రవరి 1న నేరుగా ఫెడరల్ కోర్టులో బ్రౌడర్ వర్సెస్ గేల్ వేశారు. పిటిషనర్లు ఒరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయిస్ స్మిత్. అయిదో ఆమె ఒత్తిళ్లకు తట్టుకోలేక తప్పుకున్నారు, ఆ వంకతో గ్రే మీదే కేసు పెట్టారు. ఇందులో పార్క్స్ లేరు, కావాలనే. ఆమె మీద నడుస్తున్న క్రిమినల్ కేసుతో దీన్ని ముడివేసే అవకాశం ఇవ్వకూడదని. జూన్ 5న ముగ్గురు జడ్జిల బెంచి 2-1 తేడాతో బస్సుల్లో విభజన రాజ్యాంగ విరుద్ధమంది. నగరం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఈలోపు బస్సు కంపెనీ అవస్థ చూడాలి. రోజుకు 30,000 నుంచి 40,000 టికెట్లు పోతున్నాయి. జనవరిలో ఛార్జీ 10 నుంచి 15 సెంట్లకు పెంచుకుంది, రూట్లు తగ్గించింది. ఏప్రిల్‌లో చికాగో యాజమాన్యం ఇక విభజన పాటించబోమని ప్రకటించింది. అలా చేస్తే డ్రైవర్లను అరెస్టు చేస్తామని నగరం బెదిరించింది. మే 9న రాష్ట్ర జడ్జి విభజన కొనసాగించాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చాడు. అంటే వ్యాపారి చేతులెత్తేసినా ప్రభుత్వం వదల్లేదు. ఆర్థిక బహిష్కరణ దెబ్బ తగిలేది కంపెనీకి. ఇక్కడ తాళం చెవి ఉన్నది నగర పాలకుల దగ్గర, వాళ్లకు పోయేది బస్సు ఆదాయంపై వచ్చే కొద్దిపాటి పన్ను మాత్రమే. బస్సులు ఖాళీ చెయ్యడంతోనే గెలుపు రాకపోవడానికి కారణం అదే. ఫెడరల్ తీర్పు వచ్చేదాకా నిలబడటానికి కావాల్సిన కాలాన్ని రవాణా వ్యవస్థ సంపాదించి పెట్టింది.

కార్‌పూల్ ఆగిన రోజు

నగరానికి సరైన ఆయుధం దొరకడానికి పది నెలలు పట్టింది. కార్‌పూల్ అనుమతి లేని ప్రైవేటు రవాణా వ్యాపారమని, దాన్ని ఆపాలని, పోయిన పన్నుకు 15,000 డాలర్ల పరిహారం ఇప్పించాలని రాష్ట్ర కోర్టుకు వెళ్లింది. పక్క రాష్ట్రం ఫ్లోరిడాలో అప్పటికే ఈ దారి పనిచేసింది. టాలహాసీలో 1956 మే చివర మొదలైన బహిష్కరణలో సి.కె. స్టీల్ నాయకత్వంలోని నల్లవారి కౌన్సిల్ కార్లు నడిపింది. అక్టోబరులో లైసెన్సు లేని రవాణా నడిపారని కౌన్సిల్‌కు, 21 మందికి కలిపి 11,000 డాలర్ల జరిమానా వేశారు, కార్‌పూల్ అక్కడితో ఆగింది. మాంట్‌గోమరీ సంఘం సొంత బస్సు సర్వీసుకు అనుమతి అడిగి చూసింది, నగరం నిరాకరించింది. అనుమతి ఇవ్వరు, అనుమతి లేదని ఆపుతారు.

నవంబరు 13న విచారణ. మధ్యాహ్నం కోర్టు గదిలో ఉండగానే విలేకరి రెక్స్ థామస్ ఒక కాగితం తెచ్చి కింగ్ చేతిలో పెట్టాడు: సుప్రీంకోర్టు బ్రౌడర్ తీర్పును ఖాయం చేసింది. అదే రోజు జడ్జి కార్టర్ కార్‌పూల్‌ను ఆపుతూ ఇంజంక్షన్ ఇచ్చాడు.

గెలిచేశాం, కానీ ఉత్తర్వు కాగితం ఇంకా మాంట్‌గోమరీ చేరలేదు. నాలుగు రోజుల్లో వస్తుందనుకున్నారు, ఐదు వారాలు పట్టింది. బండ్లు లేవు, బస్సు ఎక్కకూడదు. అప్పుడు ఎస్.ఎస్. సీ అనే పాస్టర్ ఆధ్వర్యంలో పనిని వీధి స్థాయికి దించారు. కేంద్రాలు లేవు, పాయింట్లు లేవు. ఏ వీధివాళ్లు ఆ వీధిలో కారున్నవాళ్లతో మాట్లాడుకుని సర్దుకోవడమే. కోర్టు నిషేధించడానికి ఒక సంస్థంటూ అక్కడ లేదు. సంవత్సరం పాటు కలిసి ప్రయాణించినవాళ్లకు ఎవరి పని ఎక్కడో, ఎన్నింటికో నోటికి వచ్చు. మొదటి వారంలోనే ఈ పద్ధతికి దిగి ఉంటే పది రోజులు కూడా సాగేది కాదు.

మళ్లీ బస్సు ఎక్కడం

ఆ ఐదు వారాలు చర్చిల్లో శిక్షణకు వాడుకున్నారు. కుర్చీలను బస్సు సీట్లలా వరసలు వేసి, ఒకరు డ్రైవర్, కొందరు తెల్ల ప్రయాణికులు, కొందరు నల్లవారు. తిట్టేవాడు నిజంగానే తిడతాడు, తోసేవాడు తోస్తాడు. ఎదురు తిరగకుండా ఉండగలరా అని చూస్తారు. డిసెంబరు 19న సూచనల కాగితం పంచారు. ఖాళీ సీటు ఇంకొకటి ఉంటే కావాలని తెల్లవారి పక్కనే కూర్చోవద్దు, కూర్చునే ముందు అనుమతిస్తారా అనో క్షమించండి అనో అనండి, తిడితే తిట్టొద్దు, కొడితే కొట్టొద్దు, గొడవ జరిగితే డ్రైవర్‌కు చెప్పండి, వీలైనంత వరకు ఇద్దరేసి కలిసి ప్రయాణించండి. ఇలాంటివి. విజయగర్వం చూపించవద్దన్న హెచ్చరిక కూడా ఉంది. డిసెంబరు 20న ఉత్తర్వు చేరింది. 21 తెల్లవారుజామున కింగ్, ఆయన సహచర పాస్టర్ రాల్ఫ్ అబెర్నతీ, నిక్సన్, అహింసా శిక్షణలో సాయపడిన తెల్లజాతీయుడు గ్లెన్ స్మైలీ మొదటి బస్సు ఎక్కి ముందు సీట్లలో కూర్చున్నారు.

బస్సు లోపల గొడవలు అనుకున్నంత జరగలేదు. బయటి నుంచి కాల్పులు మొదలయ్యాయి. డిసెంబరు 28న ఒక గర్భిణికి కాళ్లలో తూటాలు తగిలాయి. నగరం సాయంత్రం ఐదు తర్వాత బస్సులు ఆపేసింది. సూచనల కాగితంలో దీనికి జవాబు లేదు, కార్‌పూల్ మీద ఇంజంక్షన్ ఉంది. రాత్రి పనివాళ్లు మళ్లీ నడిచారు. 1957 జనవరి 10న నాలుగు చర్చిల మీద, గ్రేట్జ్, అబెర్నతీ ఇళ్ల మీద బాంబులు పడ్డాయి. నెలాఖరుకు కొందరు తెల్లవాళ్లను పట్టుకున్నారు. నేరం ఒప్పుకుంటూ సంతకాలు చేసిన ఇద్దరిని కూడా జ్యూరీ నిర్దోషులంది. తర్వాత మిగిలిన బాంబు కేసులు, బహిష్కరణ నాటి అభియోగాలు కలిపి ఎత్తేశారు. కింగ్ కేసు ఒక్కటే మిగిలింది. ఆయన అప్పీలు గడువు దాటాక చేరిందని 1957 ఏప్రిల్ 30న రాష్ట్ర అప్పీలు కోర్టు తిరస్కరించింది. ఆ ఏడాది చివర ఆయన 500 డాలర్లు కట్టారు.